‘లాగా’ వద్దన్న లెక్కల సారు

సన్మాన పత్రాలు రాయడం తెలుగు టీచరు ఉద్యోగంలో జీతం లేని భాగం. ఈ సంగతి మీకు ట్రైనింగులో ఎవరూ చెప్పి ఉండరు, చేరిన ఏడాదే తెలిసొస్తుంది. ఎవరో ఒకరు రిటైరవుతారు, హెడ్మాస్టరు మీ వైపు చూస్తారు, "మేడం, జర మంచిగ నాలుగు ముక్కలు" అంటారు. ఇక ఆ రోజు నుంచి మీ చేతికి విశ్రాంతి ఉండదు. పెళ్లికి పంచరత్నాలు, బదిలీకి వీడ్కోలు, చనిపోతే చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీ మీద మాటలు, అన్నీ మీ పనే.

నాది కోదాడ. నేరేడుచర్ల దగ్గర ఒక హైస్కూల్లో చాలాకాలం తెలుగు చెప్పి రిటైరయ్యాను. పత్రాలకు నా దగ్గర తయారు సరుకు ఉండేది. సైన్సు సారైతే విజ్ఞాన ఖని. సోషల్ సారైతే నడిచే చరిత్ర. డ్రిల్లు సారైతే క్రీడా కేసరి, అటెండరైతే సేవామూర్తి. లెక్కల సారైతే గణిత సూర్యుడు. పేరు మారిస్తే చాలు, పత్రం సిద్ధమైపోయేది. కోదాడలో ఫ్రేములు కట్టే అతను ఫోన్లో నా గొంతు వినగానే "అంచు ఎర్రది పెట్టమంటారా, పచ్చది పెట్టమంటారా మేడం" అని అడిగేవాడు. చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు, రిటైరైన వాళ్లు కండువాతో కళ్లు తుడుచుకునేవారు. మరి నేను చేసే పనిలో లోపం ఉందని నాకెందుకు తోస్తుంది?

ఒక్కరు మాత్రం వద్దన్నారు. ఆయన మా లెక్కల సారు.

ఆయన నేరేడుచర్ల పక్కన ఒక తండాలో పుట్టారు. ఆ తండాలో మొదటి సర్కారు కొలువు ఆయనదే. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ కాకుండా మౌనం. మిర్యాలగూడలో ఇల్లు కట్టుకుని రోజూ బస్సులో వచ్చేవారు. నేను అటు కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా వచ్చేదాన్ని, ఆయన ఇటు నుంచి వచ్చేవారు. ఎవరు ముందు దిగితే వాళ్లు రెండోవాళ్ల కోసం స్టాపులో ఆగేవాళ్లం. బడి దాకా నడిచే దారిలో రైసు మిల్లులు. కోతల కాలంలో ఊక ఎగిరొచ్చి మా తలల మీద, పిల్లల బెంచీల మీద పడేది. ఆయన తల దులుపుకుంటూ "మేడం, మీకు తెల్లెంట్రుకలు వచ్చినయ్" అనేవారు. అప్పటికే నిజంగా వచ్చాయి లెండి.

మా ఇద్దరి క్లాసులకు మధ్య ఒక్కటే గోడ, అదీ పైకప్పు దాకా లేదు. నేను పదో తరగతికి అలంకారాలు చెబుతుంటే ఆయన క్లాసు మొత్తానికీ వినిపించేది. ఆయన వర్గసమీకరణాలు నాకు వినిపించేవి. మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళకు ఆయన దగ్గర నా పాఠం మీద ఒక విమర్శ తయారుగా ఉండేది.

"ఇయ్యాల గూడ ఆ పిల్ల మొకం సంద్రుని తీరుగనే ఉన్నదా మేడం?"

"ఉంటుంది సార్. పుస్తకంలో అలాగే ఉంది."

"సంద్రుని మీద గాలి లేదు, నీళ్లు లేవు, అన్నీ గుంతలే. ఆ పిల్ల మీకేం పాపం చేసింది?"

"సార్, మీ ఎక్స్ ఎవరో మీకు తెలియదు, వై ఎవరో తెలియదు. మీరు మమ్మల్ని అంటారా?" అనేదాన్ని. స్టాఫ్‌రూమంతా నవ్వేది.

విమర్శించినా, సాయం చేసింది కూడా ఆయనే. ఒక ఏడు అర్ధసంవత్సర పరీక్షల్లో పిల్లలు అలంకారాలన్నీ కలిపి పచ్చడి చేశారు. ఉపమ అడిగితే రూపకం, రూపకం అడిగితే ఉత్ప్రేక్ష. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆయన గోడ అవతలి నుంచి వచ్చి, నా పర్మిషన్ అడిగి, బోర్డు మీద గుర్తులు వేశారు. ఇది దాని వంటిది అంటే ఉపమ, దానికి వంకర గీతల ‘సుమారు’ గుర్తు. ఇదే అది, రెండూ వేరు కాదంటే రూపకం, దానికి ‘సమానం’ గుర్తు. ఇది అదేనేమో అని ఊహిస్తే ఉత్ప్రేక్ష, సమానం పక్కన ఒక ప్రశ్నార్థకం. గోరంతను కొండంత చేస్తే అతిశయోక్తి, దానికి ‘కంటే పెద్దది’ గుర్తు. పిల్లలు ఆ తర్వాత ఎన్నడూ తప్పలేదు. మీరూ వాడుకోండి, ఆయన ఏమీ అనుకోరు.

వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు అడిగాడు. "మరి స్వభావోక్తికి ఏం గుర్తు సార్?"

ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. "దానికి గుర్తు లేదు బేటా. అవతలి దిక్కు ఏం లేదు గద. ఉన్నది ఉన్నట్టు నిలబడ్డది" అన్నారు.

స్వభావోక్తి గురించి నేను పుస్తకంలో చదివి చెప్పే నిర్వచనం కంటే అది మేలైనది. ఆ మాట ఆయనతో అనలేదు, అంటే ఇక ఆ ఏడాదంతా నన్ను బతకనివ్వరు.

ఆయన ఇంకొన్ని నెలల్లో రిటైరవుతారనగా వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో డబ్బా మూత తెరిచి, చూసి, మళ్లీ మూసెయ్యడం మొదలుపెట్టారు. ఆకలి లేదనేవారు. మనిషి అసలే సన్నం, బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. సూర్యాపేటలో డాక్టరు చూసి హైదరాబాద్ పొమ్మన్నాడు. హైదరాబాద్‌లో కడుపులో ఉన్నది పుండు కాదు, క్యాన్సరని తేల్చారు, అప్పటికే కాలేయానికి పాకిందన్నారు. మందు ఎక్కించుకుని వచ్చి, రెండు రోజులు పడుకుని, మళ్లీ బడికి వచ్చేవారు. "త్రికోణమితి అయిపోనియ్యి మేడం, ఆ తర్వాత దేవుని ఇష్టం" అనేవారు. కుర్చీలో కూర్చుని చెప్పేవారు. గోడ ఇవతల నా పిల్లలు నా మాట కంటే ఆయన దగ్గు ఎక్కువ వినేవారు. నేనూ అంతే.

మా హెడ్మాస్టరుది సూర్యాపేట. మంచి మనిషి, తొందర మనిషి, మైకు అంటే ప్రాణం. ఒక రోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరికేశారు. "మేడం, రిటైర్మెంట్ దాక ఆగుడు వద్దు. సారు కూసోగలిగినప్పుడే సన్మానం చేద్దాం. షామియానా నేను చూసుకుంట, పత్రం మీరు చూసుకోండ్రి" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. సరేనన్నాను.

ఆ సాయంత్రం బస్ స్టాపులో లెక్కల సారుకు ఆ మాట చెప్పాను. ఆయన సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నారు.

"పత్రం వద్దు మేడం" అన్నారు.

"ఊరుకోండి సార్. రాయకపోతే హెడ్మాస్టరు గారు నన్ను రిటైర్ చేసేస్తారు."

"రాయాలంటె రాయుండ్రి. గాని సూర్యుడు వద్దు. సముద్రం వద్దు, హిమాలయం వద్దు. ‘లాగా’ వద్దు, ‘వలె’ వద్దు. నన్ను దేంతోటి పోల్చొద్దు."

నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆయన తల వంచుకుని మెల్లగా చెప్పారు. నాకు గుర్తున్నంత వరకు ఆయన మాటల్లోనే రాస్తాను.

"నేను ఎనిమిదిల ఉన్నప్పుడు మా తెలుగు సారు ఉపమాలంకారం చెప్పిండు. ఉదాహరణ కావాలె. నన్ను లేపి నిలబెట్టిండు. ‘వీడు బొగ్గు వలె నల్లగా ఉన్నాడు. వీడు ఉపమేయం, బొగ్గు ఉపమానం, నలుపు సమానధర్మం, వలె అనేది ఉపమావాచకం.’ అందరు రాసుకున్నరు. పరీక్షల అదే ప్రశ్న అచ్చింది. అందరు నన్నే రాసిండ్రు. నేను గూడ రాసిన మేడం. రాస్తెనే మార్కులాయె."

నేను వెళ్లి ఆయన పక్కన దిమ్మె మీద కూర్చున్నాను.

"సారు చెడ్డోడు గాదు. నేను డబ్బ తేకపోతె ఆయన డబ్బల సగం పెట్టేటోడు. అది తప్పని ఆయనకు తెల్వది. అప్పటి సంది నేను బొగ్గునే. నౌకరి అచ్చినంక సన్మానం చేసి తండా ఆణిముత్యమన్నరు. బొగ్గన్నా ముత్యమన్నా నాకు ఒక్కటే, రెండిట్ల నేను లేను. పోయేముందు ఒక్కసారి నన్ను నన్నుగ చెప్తే వినాలని ఉన్నది. మీరు చెప్తరా?"

మిర్యాలగూడ బస్సు వచ్చింది. ఎక్కడానికి చెయ్యి అందించబోతే వద్దని సైగ చేసి, కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కారు. కిటికీ దగ్గర కూర్చుని నా వైపు చూశారు. తల ఊపాను. చెప్తానన్న మాట అదే.

ఇంటికెళ్లి కూర్చున్నాను. ఏం రాయను? మొదటి వాక్యంలోనే దీపం వచ్చింది. కొట్టేశాను. రెండోసారి మహావృక్షం వచ్చింది. ఆ రోజూ, ఆ మర్నాడూ ఇదే వరస. ఏళ్ల తరబడి ఒకే గోడ పంచుకున్న మనిషి గురించి, ఒకే స్టాపులో దిగిన మనిషి గురించి ఉన్నదున్నట్టు ఒక్క వాక్యం రాయలేకపోయాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ నా మీద నాకు ఒళ్లు మండింది.

చివరికి పదో తరగతి పిల్లల మీద పెట్టాను. వాళ్లు ఆయన్ను రోజూ ఎదురుగా చూసేవాళ్లు. సారు గురించి తలా ఒక వాక్యం రాసుకు రమ్మన్నాను. తెచ్చారు. చూస్తే అన్నీ నా సరుకే. సారు ఆకాశం వంటివారు. సారు జ్ఞాన సముద్రం. ఒకడు కాస్త కొత్తగా ‘నడిచే క్యాలిక్యులేటర్’ అన్నాడు. నేను నేర్పిందే నాకు తిరిగొచ్చింది, ఎవరిని కోప్పడాలి? అయినా కోప్పడ్డాను.

"సారును మీరు ఎప్పుడైనా చూశారా అసలు?"

పిల్లలు తలలు వంచుకుని తమ కాగితాలు మడిచారు.

"లాగా, వలె, అంతటి, ఈ మాటలేవీ రాయకూడదు. మీ కళ్లతో చూసింది ఒక్కటి రాయండి."

"ఏం రాయాలె మేడం," అన్నాడు మొదటి బెంచీ పిల్లవాడు, "సారు అస్తడు, లెక్క చెప్తడు, పోతడు."

"ఎలా వస్తారు? వచ్చి ముందు ఏం చేస్తారు?"

వాడు కిటికీ వైపు చూశాడు. "కిటికి తెరుస్తడు. ఊక పడుతుందని మేం మూస్తం. సారు తెరిసి, ఎనక బెంచి మీది ఊక చేతితోటి తుడుస్తడు. ఎనకోళ్లకు బోర్డు మసకగ కనబడుతదని."

"అదే రాయి."

అక్కడి నుంచి వాళ్లకు దారి దొరికింది. పిల్లలు రోజుకొకరు, ఇద్దరు తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. చాలా రోజులు పట్టింది. ఉన్నదున్నట్టు రాయడం వాళ్లకూ కష్టమే. హెడ్మాస్టరు రోజూ "పత్రం అయ్యిందా మేడం" అనేవారు, నేను "అవుతోంది సార్" అనేదాన్ని. అన్నీ కలిపి ఒక డ్రాయింగ్ షీటు మీద రాయడానికి చేతిరాత బాగున్న ఒక అమ్మాయిని పెట్టాను. ఆ అమ్మాయి అక్క కొన్నేళ్ల కిందట మా బడి ఫస్టు.

ఈలోగా ఆయన బడికి రావడం ఆగిపోయింది. సన్మానం అనుకున్న రోజు పొద్దున ఆయన భార్య హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది. "కూసునే శాత గాదు సార్. మీరే రాండ్రి" అంది. వేసిన షామియానా వేసినట్టే ఉంది. హెడ్మాస్టరు కారులో నేను, ఆ అమ్మాయి, ఇంకో ముగ్గురు పిల్లలు ఇరుక్కుని కూర్చున్నాం. శాలువా, పూలదండ, పండ్లు, డ్రాయింగ్ షీటు చుట్ట. హెడ్మాస్టరు సీటు పక్కన పాత పేపరు చుట్టిన ఇంకేదో వస్తువు ఉంది. పేపరు చివర ఎర్ర అంచు కనబడగానే అదేమిటో నాకు తెలిసిపోయింది.

"మీరు ఆలిస్యం చేస్తున్నరని ఎందుకైనా మంచిదని కట్టించిన మేడం. పాత పత్రంల పేరు మార్పించిన" అన్నారు. ఆయన తప్పేముంది, నేను ఆయనకు ఏమీ చెప్పలేదు.

మిర్యాలగూడలో రైల్వే గేటు దాటాక ఒక సన్న గల్లీలో ఇల్లు. ముందు గదిలోనే మంచం వేశారు. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. ముఖమంతా కళ్లే ఉన్నాయి. మమ్మల్ని చూసి, పిల్లలను చూసి, చెయ్యెత్తారు. లోపలి గడప దగ్గర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు, ఆయన ముక్కు, ఆయన పొడుగు. సారుకు ఒక కొడుకు ఉన్నాడని, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు లోడింగు చూసుకుంటాడని స్టాఫ్‌రూములో మాకు తెలుసు. అంతకు మించి ఆయన ఏనాడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

హెడ్మాస్టరు శాలువా కప్పారు. ఫ్రేము తీసి, మైకు లేకపోయినా మైకు ముందు చదివినట్టే చదివారు. గణిత సూర్యుడు ఉదయించాడు, అజ్ఞానపు చీకట్లు తొలగాయి. లెక్కల సారు రెండు చేతులూ జోడించి "చాన సంతోషం సార్" అన్నారు. ఫ్రేము పైనుంచి నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"సార్, పిల్లలు రాసింది ఒకటి ఉంది" అన్నాను.

అమ్మాయి షీటు విప్పింది. ఒక చివర ఇంకో పిల్లవాడు పట్టుకున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నారు. ఆమె చదివింది.

"సారు రాగానే కిటికీ తెరిచి వెనక బెంచీ మీది ఊక చేత్తో తుడుస్తాడు. సారుకు కోపం వస్తే చాక్‌పీసు జేబులో వేసుకుంటాడు, విసరకుండా. సారు తప్పు లెక్కను కొట్టెయ్యడు, తప్పు ఎక్కడ మొదలైందో అక్కడ చుక్క పెడతాడు. సారు బోర్డు తుడిచే ముందు మా అందరి చేతుల దిక్కు చూస్తాడు, ఎవరిదన్న ఇంకా కదులుతుంటే ఆగుతాడు. మా అమ్మ మీటింగుకు వచ్చి దూరంగ నిలబడితే సారు లంబాడీ భాషల పలకరించి తన కుర్చీ ఇచ్చిండు, మీటింగు అయ్యేదాక తాను నిలబడ్డడు."

ఆయన పెదాలు కొద్దిగా విచ్చుకున్నాయి. చాక్‌పీసు మాట దగ్గర నవ్వారు కూడా. కళ్ల చివరల నుంచి నీళ్లు కారి చెవుల వైపు పోతుంటే తుడుచుకోలేదు. వింటున్నారు. అడిగింది ఆయనకు అందుతోందని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ నిమిషం అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో.

చివరి వాక్యం ఆ అమ్మాయిదే. "మా అక్క ఈ స్కూల్ ఫస్టు. సార్లు, మేడాలు అందరు మీ అక్క ఎట్ల చదివేది, నువ్వెట్ల చదువుతున్నవ్ అంటారు. లెక్కల సారు ఒక్క రోజు కూడ నా దగ్గర మా అక్క పేరు తియ్యలేదు. సారు నన్ను ఎవరితోటి పోల్చలేదు."

ఆ ‘మేడాల’లో నేనూ ఉన్నాను. షీటు మీద ముందే చదివాను కనుక తెలుసు, అయినా గుచ్చుకుంది.

ఆయన కళ్లు తెరిచారు. "మల్ల చదువు బిడ్డా."

ఆమె మళ్లీ చదివింది.

"నిజమే. నిన్ను పోల్చలే." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. చూపు లోపలి గడప మీదికి పోయింది. అక్కడ కొడుకు పళ్లెంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంట్ల పోల్చిన."

ఎవరికీ అర్థం కాలేదు మొదట.

"వీణ్ని పొద్దు లేస్తె పోల్చిన. కిరసనాయిలు బుడ్డి ముంగట కూసొని నేను సదివిన, నీకు కరెంటున్నది గద అన్న. పక్కింటి పోరన్ని సూడు అన్న. క్లాసుల ఫస్టచ్చిన పిల్లల పేర్లు తెచ్చి, వీడు అన్నం తింటుంటె చెప్పిన. వీడు నోట్లె ముద్ద పెట్టుకోని ఇనేటోడు. సదువు మీదనే ఇరక్తి అచ్చింది వీనికి." మాట మాటకూ ఆగుతున్నారు. "గా వాక్యం కొట్టెయ్యి బిడ్డా. అది సగమే నిజం."

అమ్మాయి షీటు పట్టుకుని నా వైపు చూసింది. హెడ్మాస్టరు సర్దబోయారు. "ఏ తండ్రి అనడు సార్. మంచి కోసమే గద. మేమందరం అన్నోళ్లమే."

కొడుకు ముందుకొచ్చాడు. "చాయ్ సల్లారుతున్నది సార్, తీసుకోండ్రి" అన్నాడు. ఒక్కొక్కరికీ గ్లాసు అందించాడు, పిల్లలకు కూడా. తండ్రి ముఖం వైపు చూడలేదు. ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సారు అమ్మాయి వైపు తిరిగి మళ్లీ అన్నారు. "కొట్టెయ్యకు లే. నువ్వు చూసింది నువ్వు రాసినవ్. కింద ఇంకోటి రాయి. ఇంట్ల కొడుకును పోల్చిండు అని."

హెడ్మాస్టరు జేబులోంచి పెన్ను ఇచ్చారు. అమ్మాయి నేల మీద షీటు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెప్పినట్టే రాసింది. నేల గరుకుకు అక్షరాలు వంకర పోయాయి. రాసింది పైకి చదివింది. ఆయన తల ఊపి, "ఇప్పుడు సరిపాయె" అన్నారు. లెక్క సరిచూసి టిక్కు పెట్టేటప్పుడు కూడా ఆయన అదే మాట అనేవారు.

చెప్పులు వేసుకుంటుంటే ఆయన భార్య నా వెనకే వాకిలి దాకా వచ్చింది. "మేడం, ఏమనుకోకుండ్రి. మంచోడే. స్కూలు పిల్లల దగ్గరనే ఓపికంత ఖతం జేసుకోని అచ్చేటోడు. ఇంటికి అచ్చేసరికి ఏం మిగలకపోయేది" అంది. ఆమె చేతులు పట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు హెడ్మాస్టరు హుజూర్‌నగర్ రోడ్డు దగ్గర బండి ఆపి, దిగి, కాసేపు పొలాల వైపు తిరిగి నిలబడి వచ్చారు.

రిటైర్మెంటు తేదీ రాకముందే ఆయన పోయారు. చౌరస్తాలో పూర్వ విద్యార్థులు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో సూర్యుడు అస్తమించాడు. ఆటోలోంచి చూశాను. ఆ కుర్రాళ్లకు పదేళ్ల పాటు ఎవరో ఒక తెలుగు టీచరు అదే నేర్పారు, వాళ్లకు వచ్చిన భాషలో వాళ్లు ఏడ్చారు.

ఆ తర్వాత నేను పత్రాలు రాయలేదు. అలంకారాలు మాత్రం చెప్పాను, చెప్పకపోతే ఎలా, పరీక్షలో వస్తాయి. ఉదాహరణ కోసం క్లాసులోని పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ లేపి నిలబెట్టలేదు. ఈ ఒక్కటీ మీరూ చెయ్యకండి. చంద్రుణ్ని ఏమైనా అనుకోండి, ఆయనకు పరీక్షలు లేవు.

ఎండలు ముదిరి ఒంటిపూట బడులు పెట్టిన రోజుల్లో, తండ్రి సర్వీసు కాగితాల మీద సంతకాల కోసం కొడుకు బడికి వచ్చాడు. ఆఫీసులో పని అయ్యాక స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర ఆగాడు.

"మేడం, ఆనాడు పిల్లలు చదివిన షీటు ఉన్నదా?"

ఉంది. హెడ్మాస్టరే దానికి ఫ్రేము కట్టించి పదో తరగతి గదిలో పెట్టించారు. చివర రాసిన వంకర అక్షరాలు కూడా అలాగే ఉంచారు. పరీక్షలకని పదో తరగతి పిల్లలు రావడం లేదు, గది ఖాళీగా ఉంది. అతను గోడ దగ్గర నిలబడి చదివాడు. వాక్యం వాక్యానికీ ఆగుతూ, పెదవులు కదుపుతూ. చాక్‌పీసు దగ్గర వేలు పెట్టి నా వైపు తిరిగాడు.

"ఇది నిజమేనా మేడం?"

"నిజమే బాబూ. నేనూ చూశాను."

"అంగీ జేబుల పొడి ఉన్నదని మా అమ్మ ఉతికినప్పుడల్ల తిట్టేది. ఎందుకుంటదో మాకు తెల్వది."

మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. తన గురించి రాసిన వాక్యం దగ్గరికి వచ్చాక ఎంతసేపటికీ తల తిప్పలేదు. నేను బయటికి పోదామా ఉందామా అని తటపటాయిస్తున్నాను. గోడ వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఆనాడు మీరు పోయినంక నాన్న నన్ను పిలిసిండు మేడం. మంచం మీద కూసోమన్నడు. ఏదో చెప్దామనుకున్నడు. నేను మందు టైమైందని లేసి పోయిన."

"ఎందుకు బాబూ?"

"ఏడుస్తనేమో అనిపించింది. మల్ల చెప్తడు గద అనుకున్న. ఇగ ఆ తర్వాత మాట పడిపాయె."

నాకొచ్చిన మాటలన్నీ ఎక్కడో ఒక పత్రంలో వాడేసినవే. అతను మొదటి వాక్యం దగ్గరికి పోయి మళ్లీ మొత్తం చదివాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. అయ్యాక కర్చీఫుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"మంచిగ రాసిండ్రు మేడం పిల్లలు," అన్నాడు. "గీ సారు దగ్గర నేను గూడ సదువుకుంటే బాగుండు."